మునిగిన యుద్ధ పడవను పైకి తీయడం మేలా, నీళ్ళలో వదిలేయడం మేలా?

శ్రీశైలం నీళ్ళు వస్తున్నాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. ముచ్చుమర్రి వైపు సంగమేశ్వరాన్ని మాత్రం నీళ్ళకే వదిలేశారు, నీటిమట్టం తగ్గి గుడి బయటపడినప్పుడు జనం వెళ్ళి దణ్ణం పెట్టుకొస్తారు. రాతిగుడి కాబట్టి రెండూ చెల్లాయి. అదే చెక్క పడవైతే?

అమెరికాలో న్యూయార్క్, వెర్మాంట్ మధ్య ఉన్న షాంప్లేన్ సరస్సు, దాని దక్షిణాన జార్జ్ సరస్సు, సరైన రోడ్లు లేని రోజుల్లో కెనడా నుంచి కిందికి దిగడానికి ఇదే దారి, అందుకే 1755 నుంచి 1814 దాకా ఫ్రెంచ్, బ్రిటిష్, అమెరికన్ సైన్యాలు ఈ లోయలోనే కొట్టుకున్నాయి. చల్లటి మంచినీళ్ళు, పైగా సముద్రంలోలా చెక్క తినే పురుగు లేదు. మునిగినవి మునిగినట్టే ఉన్నాయి.

ముందు పైకి తీసిన వాటి సంగతి. 1776 అక్టోబర్ 11న, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, షాంప్లేన్‌లోని వాల్కర్ దీవి దగ్గర బ్రిటిష్ వాళ్ళ మీద బెనెడిక్ట్ ఆర్నాల్డ్ (అవును, తర్వాత బ్రిటిష్ వైపు చేరి ద్రోహి అనిపించుకున్న ఆర్నాల్డే) నడిపిన పోరులో ఫిలడెల్ఫియా అనే ఫిరంగి పడవ మునిగింది. 1935లో లోరెంజో హ్యాగ్లండ్ దాన్ని సుమారు 60 అడుగుల లోతు నుంచి లేపాడు. ముంచిన 24 పౌండ్ల గుండుతో సహా దొరికింది, సిపాయిలు వండుకున్న ఇటుకల పొయ్యి కూడా ఉంది. ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. ఇక్కడిదాకా వింటే తీయడమే మేలనిపిస్తుంది కదా? కానీ అదే హ్యాగ్లండ్ అంతకు ముందు ఏడాది తీసిన రాయల్ సావేజ్ అనే యుద్ధ ఓడ ఏమైందో చూడండి: విప్పేసిన దుంగలు దశాబ్దాల పాటు కుప్పగా పడున్నాయి, చివరికి 2015లో నేవీ చేతికొచ్చాయి. చూడ్డానికి పడవ లేదు, కట్టెలే మిగిలాయి.

అసలు చిక్కు తీయడంలో లేదు, ఆరబెట్టడంలో ఉంది. రెండు శతాబ్దాలు నానిన చెక్కలో కణాలన్నీ నీళ్ళతోనే నిలబడి ఉంటాయి, ఆ నీరు ఆరితే చెక్క ముడుచుకుని పగులుతుంది. స్వీడన్‌లో నీళ్ళలోంచి తీసిన వాసా ఓడకు, ఆ నీటి స్థానంలో నిలబడే రసాయనం చల్లడానికే 17 ఏళ్ళు పట్టింది. అంత ఖర్చు పెట్టే నాథుడు లేనప్పుడు పైకి తీయడమంటే చంపడమే, ఇందులో నాకు మొహమాటం లేదు.

వదిలేసినవీ ఉన్నాయి. జార్జ్ సరస్సులో ల్యాండ్ టార్టాయిస్ అనే ఏడు పలకల తేలే ఫిరంగి కోటను 1758లో బ్రిటిష్ వాళ్ళే రాళ్ళు నింపి ముంచారు, చలికాలంలో ఫ్రెంచ్ వాళ్ళు తగలబెట్టకుండా దాచి వసంతంలో లేపుదామని. మరీ లోతుకు పోయింది! 1990లో సోనార్‌కు 107 అడుగుల దగ్గర కనిపించింది, ఇప్పుడు డైవర్లు దిగి చూస్తారు. ఫిలడెల్ఫియాకు జోడీ పడవ స్పిట్‌ఫైర్ 1997లో షాంప్లేన్ అడుగున దొరికింది, తెరచాప స్తంభం నిలబడే ఉంది, ముందు ఫిరంగి ఉన్నచోటే ఉంది. ఏది ఎక్కడుందో చెప్పే ఆ అమరికే పురావస్తు శాస్త్రానికి అసలు సొమ్ము. నేల మీదా అంతే, ఈ లోయలోనే ఉన్న పాత యుద్ధభూమి టికొండెరోగా పొలంలో ఎవరో మెటల్ డిటెక్టర్‌తో తవ్వుకుపోయిన తూటా ఇంట్లో షోపీసు, అంతకు మించి ఏమీ చెప్పదు.

మరి వదిలేస్తే సరిపోతుందా? షాంప్లేన్‌లో సరిపోదు. 1993లో అక్కడ జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప కనబడింది, గుత్తులుగా అతుక్కుని ఇనుప మేకులు త్వరగా తుప్పు పట్టేలా చేస్తుంది. దాని చుట్టం క్వాగా ఇంకా లోతులో, ఇంకా చల్లదనంలో బతుకుతుంది, అది వస్తే స్పిట్‌ఫైర్‌కు లోతు కూడా రక్షణ కాదు. జార్జ్ సరస్సు నీళ్ళలో కాల్షియం తక్కువ, గుల్ల కట్టుకోవడమే వాటికి కష్టం.

అందుకే పక్కపక్క సరస్సులే అయినా నా ఓటు రెండు రకాలు. ల్యాండ్ టార్టాయిస్‌ను కదపొద్దు, పడవలో కూర్చోవాలన్న సరదా ఉన్నవాళ్ళకు 1991లో నీళ్ళలోకి దింపిన ఫిలడెల్ఫియా నకలు ఉంది. స్పిట్‌ఫైర్‌ను తీయాల్సిందే, అయితే ముందు తొట్టి, రసాయనం, ఇరవై ఏళ్ళ జీతాలు బ్యాంకులో పడాలి, క్రేన్ ఆ తర్వాతే రావాలి.