బ్లూటూత్ ప్రింటర్ కొనేవాళ్లకి హెచ్చరిక: డబ్బు కట్టే ముందు మీ ట్యాబ్ నుంచి మీ చీటీయే కొట్టించండి

అమలాపురం, అంబాజీపేట, రావులపాలెం చుట్టుపక్కల కాయల వ్యాపారం చేసేవాళ్లు, ఎరువుల షాపులవాళ్లు, కిరాణా కొట్లవాళ్లు ఈమధ్య ట్యాబ్‌కి జతగా చిన్న బ్లూటూత్ ప్రింటర్ కొనుక్కుంటున్నారు. మేమూ కొన్నాం. రెండు నెలలు నానా అవస్థ పడ్డాం. మూడు నెలల లెక్కలు పోగొట్టుకున్నాం. డబ్బు పోతే సంపాదించుకుంటాం, లెక్క పోతే రైతు దగ్గర మాట పోతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, కొంచెం ఓపిక చేసుకుని చదవండి.

మాది అంబాజీపేట దగ్గర కొబ్బరి షెడ్డు. కాయ, రాశి, లారీ మా ఆయన చూసుకుంటారు. చిట్టా నాది. ట్యాబ్ అప్పటికి మూడు నెలలుగా వాడుతున్నాం, ఏ ఇబ్బందీ లేదు. రైతుకి ఇచ్చే చీటీ మాత్రం చేత్తోనే రాసేదాన్ని. దింపు జోరుగా ఉన్న రోజుల్లో ఒకేసారి నలుగురైదుగురు రైతులు నిలబడతారు, ఒలుపువాళ్లకి కూలి లెక్క కట్టాలి, బయట లారీ డ్రైవరు హారన్ కొడుతుంటాడు. ఆ కంగారులో అంకె తారుమారైతే రెండు రోజులు గొడవ. ప్రింటర్ ఉంటే ఆ బాధ తప్పుతుందనుకున్నాం.

శ్రావణానికి ముందు పట్నంలో ఒక షాపులో కొన్నాం. షాపు పేరు రాయను. 58 మిల్లీమీటర్ల కాగితం పట్టే చేతి ప్రింటర్, 3,800 రూపాయలు. షాపు కుర్రాడు తన ఫోన్ నుంచి ఇంగ్లీషులో రెండు లైన్లు కొట్టి చూపించాడు. ఆ తర్వాత మా ఆయన ఫోన్‌లో కూడా చీటీలు కొట్టే బిల్లింగ్ యాప్ వేసి జత చేసి ఇచ్చాడు. "ఇంక చూసుకోనక్కర్లేదండి, ఇంటికెళ్లి ట్యాబ్‌కి కలుపుకోండి, అంతేనండి" అన్నాడు. మేము నమ్మాం. బిల్లు అడిగితే ఎస్టిమేట్ అని రాసున్న తెల్లకాగితం ఇచ్చారు. జీఎస్టీ నంబరు లేదు, ప్రింటర్ సీరియల్ నంబరు లేదు. అప్పుడే అడగాల్సింది. అడగలేదు.

ఇంటికొచ్చి ట్యాబ్‌లో చూస్తే పెయిర్డ్ (జత అయింది) అని వస్తుంది, ప్రింటు రాదు. ఒకసారి వస్తుంది, పదిసార్లు రాదు. వచ్చినప్పుడు కూడా సగం చీటీ కొట్టి ఆగిపోతుంది. అన్నింటికన్నా బాధ తెలుగు అక్షరాలు. నేను కాయ రకాల పేర్లు గండేరా అని, గటగట అని, ముక్కుడు కాయ అని టైపు చేస్తే చీటీ మీద వరసగా ప్రశ్నార్థకాలు, మధ్యలో గళ్లు. ఒక ముసలి రైతు ఆ చీటీ పట్టుకుని వెలుగులోకి వెళ్లి, అటు తిప్పి ఇటు తిప్పి, "ఇదేంటమ్మా, నా కాయ ఏ రకంలో కట్టావు?" అని అడిగాడు. కాయ రకాన్ని బట్టి వెయ్యికి ధర మారిపోతుంది. ఆయన అడిగింది న్యాయం. ఆ చీటీ వెనకాల పెన్నుతో మళ్లీ రాసిచ్చాను.

షాపుకి ఫోన్ చేస్తే మొదటి రోజు నుంచీ ఒకటే మాట: "ఏవండీ, మీ ట్యాబ్‌లోనే లోపం ఉందండి." నాలుగోసారి ట్యాబ్, ప్రింటర్ రెండూ పట్టుకుని మా ఆయన వెళ్లారు. సర్వీసింగ్ అని 600 తీసుకున్నారు. సాయంత్రం ఇంటికి తెచ్చాక ట్యాబ్ తెరిస్తే కొత్తదాన్లా ఉంది. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేశారు, అంటే అందులో ఉన్నదంతా చెరిపేశారు. అడగలేదు, చెప్పలేదు. మూడు నెలల చిట్టా అందులోనే ఉంది. వేరేచోట కాపీ లేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. తర్వాత వారం రోజులు రైతులకి ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేసి ఎన్ని కాయలు, ఎంత బాకీ అని అడిగి పుస్తకంలో రాసుకున్నాను. మన మనుషులు మంచివాళ్లు, ఎవరూ ఎక్కువ చెప్పలేదనే నమ్ముతున్నాను. చెప్పినంతా కట్టాం.

దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి: బ్లూటూత్ కలవకపోతే ట్యాబ్ మొత్తం చెరిపేయాల్సిన పనే లేదు. సెట్టింగ్స్‌లో రీసెట్ అనే చోట వైఫై, బ్లూటూత్ వరకే రీసెట్ చేసేది విడిగా ఉంటుంది. దాంతో వైఫై పాస్‌వర్డ్‌లు, జత చేసుకున్న పరికరాల జాబితా పోతాయి. ఫోటోలు, లెక్కలు ఎక్కడివక్కడే ఉంటాయి. రిపేరుకి ఎవరి చేతికిచ్చినా ముందు లెక్కలన్నీ మెయిల్‌కో, ఇంకో ఫోన్‌కో పంపుకోండి. రీసెట్ చేయాలంటే నాకు ఫోన్ చేసి అడగాలి అని ముందే చెప్పండి.

దసరాకి మా అక్క కొడుకు వచ్చాడు. డిప్లొమా చదువుతున్నాడు. నేను గోడు వెళ్లబోసుకుంటే, "ముందు ట్యాబ్‌ది తప్పా, ప్రింటర్‌ది తప్పా తేల్చుకుందాం పిన్నీ" అన్నాడు. ట్యాబ్‌కి ఇంట్లో ఉన్న బ్లూటూత్ స్పీకర్ కలిపాడు. గంటసేపు పాటలు ఆగకుండా వచ్చాయి. అంటే ట్యాబ్ బ్లూటూత్ బాగానే ఉంది. ఈ ఒక్క పరీక్ష నాకు ముందే తెలిసుంటే షాపులో వాళ్లన్న మాటకి తలూపేవాళ్లం కాదు.

తర్వాత ప్రింటర్ ఆపి, కాగితం ముందుకి జరిపే ఫీడ్ బటన్ నొక్కిపట్టి అలాగే ఆన్ చేశాడు. ఈ రకం ప్రింటర్లలో చాలావాటికి ఇలా చేస్తే ట్యాబ్, ఫోన్ ఏదీ అక్కర్లేకుండా తనంతట తనే ఒక చీటీ కొడుతుంది. సెల్ఫ్ టెస్ట్ అంటారు. ప్రింటర్ బ్లూటూత్ పేరు, పిన్ నంబరు, ఏ భాషల అక్షరాలు తనలో ఉన్నాయో అన్నీ అందులో ఉంటాయి. మాది కొట్టింది. పేరు ఉండాల్సిన చోట ఏముందో తెలుసా? ఎవరిదో మెడికల్ షాపు పేరు. ఈ ప్రింటర్ల పేరు యాప్ నుంచి మార్చుకోవచ్చట, ఎవరో వాళ్ల షాపు పేరు పెట్టుకున్నారు. అంటే కొత్తదని సీలు డబ్బాలో పెట్టి మాకు అమ్మింది ఒకరు వాడి వెనక్కిచ్చిన సరుకు. నేను రెండు నెలలుగా ట్యాబ్‌లో ఆ పేరు చూస్తూనే ఉన్నాను, కంపెనీ పేరేమోలే అనుకున్నాను.

సగం చీటీ దగ్గర ఎందుకు ఆగుతోందో కూడా అప్పుడే తేలింది. ఛార్జర్ పెట్టి కొడితే నిండు చీటీ వచ్చింది. ఛార్జర్ తీసి కొడితే ఐదారు లైన్లకి లైటు ఆరి, మళ్లీ వెలిగింది. ఇది సిరా మీద నడిచేది కాదు, కాగితాన్ని వేడి చేసి నలుపు తెస్తుంది. నలుపు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత ఎక్కువ లాగుతుంది. బ్యాటరీ బలం పోయిన ప్రింటర్ ఆ భారం మోయలేక మధ్యలో కూలిపోయి మళ్లీ లేస్తుంది, ఆ క్షణంలో బ్లూటూత్ తెగిపోతుంది. మనం ట్యాబ్‌ని తిట్టుకుంటాం.

అన్నీ ప్రింటర్ తప్పులే అని అనను. మా వైపు సర్దుకోవాల్సినవీ ఉన్నాయి, షాపువాళ్లు ఐదు నిమిషాలు కేటాయించి చెప్పుంటే సరిపోయేవి. షాపు కుర్రాడు మా ఆయన ఫోన్‌కి కూడా జత చేసి వదిలేశాడు కదా, ఇలాంటి ప్రింటర్ సాధారణంగా ఒక సమయంలో ఒకరికే పలుకుతుంది. ఆయన షెడ్డులోకి వచ్చినప్పుడల్లా ఆ ఫోన్‌లో యాప్ దాన్ని పట్టేసుకునేది, నా ట్యాబ్‌కి దొరికేది కాదు. ఆయన ఫోన్‌లోంచి తీసేశాం, ఆ పేచీ పోయింది. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతవి ఉన్న ట్యాబ్‌లలో అయితే బిల్లింగ్ యాప్‌కి నియర్‌బై డివైసెస్ అనే పర్మిషన్ ఇవ్వాలి, లేకపోతే బ్లూటూత్ ఆన్‌లో ఉన్నా యాప్‌కి ప్రింటర్ అందదు. అంతకన్నా పాత ఆండ్రాయిడ్ అయితే వెతికేటప్పుడు లొకేషన్ ఆన్‌లో ఉండాలి. పిన్ అడిగితే చాలావాటికి 0000 గానీ 1234 గానీ. పెయిర్డ్ అని ఉండి కనెక్టెడ్ అని లేకపోతే కంగారుపడొద్దు. వీటికి యాప్‌లో ప్రింట్ నొక్కినప్పుడే కనెక్షన్ కలుస్తుంది.

మన కొబ్బరివాళ్లకి ఇంకొకటి. నేను బల్ల దగ్గర, ప్రింటర్ గేటు దగ్గర పెట్టి మధ్యలో నీటికాయ రాశి పోసుకునేవాళ్లం. పది అడుగులే కదా అనుకున్నాను. నీళ్లున్న వస్తువు బ్లూటూత్ తరంగాల్ని పీల్చేస్తుందట, మనిషి ఒళ్లు అడ్డొచ్చినా సిగ్నల్ తగ్గుతుంది. అలాంటిది వేల కాయల గుట్ట అడ్డుంటే ఇంకేం అందుతుంది? రెండూ ఒకే బల్ల మీద పెట్టుకోండి.

తెలుగు సంగతి మాత్రం కొనేముందే తేల్చుకోవాలి. ఈ చిన్న ప్రింటర్లలో సాధారణంగా తెలుగు అక్షరాలు ఉండవు. యాప్ చీటీని బొమ్మలా మార్చి పంపితేనే తెలుగు వస్తుంది. కొన్ని యాప్‌లలో ఆ సౌకర్యం ఉంది, కొన్నింటిలో లేదు. మా యాప్‌లో ఒక మూల ఉంది, నొక్కగానే గండేరా గండేరాలా వచ్చింది. నేను ఆ చీటీ చూసి రెండు నిమిషాలు అలా పట్టుకునే ఉన్నాను. ఐప్యాడ్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డబ్బా మీద బ్లూటూత్ అని ఉన్నంత మాత్రాన ఐప్యాడ్‌కి కలవదు, పాతరకం బ్లూటూత్ మాత్రమే ఉన్న చౌక ప్రింటర్లు దానికి పనికిరావు. ఐప్యాడ్‌కి పనిచేస్తుందని రాతపూర్వకంగా ఉంటేనే కొనండి.

కాబట్టి షాపుకి వెళ్లేటప్పుడు మీ ట్యాబ్ పట్టుకెళ్లండి. వాళ్ల ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోకండి. ముందు సెల్ఫ్ టెస్ట్ చీటీ కొట్టించి అందులో పేరు చదవండి. తర్వాత మీ యాప్ నుంచి, మీరు రోజూ రాసే తెలుగు మాటలతో, ఛార్జర్ పెట్టకుండా వరసగా పది చీటీలు కొట్టించండి. ప్రింటర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి, ఆర్ అక్షరంతో మొదలవుతుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. జీఎస్టీ నంబరు, ప్రింటర్ సీరియల్ నంబరు రెండూ ఉన్న బిల్లు తీసుకోండి. ఎస్టిమేట్ కాగితం బిల్లు కాదు. ఆ బిల్లు కూడా ఇలా వేడితో అచ్చయ్యే థర్మల్ కాగితమే అయితే వెంటనే ఫోటో తీసుకోండి, ఎండకీ చెమటకీ అక్షరాలు చెరిగిపోతాయి.

మేము ఆ సెల్ఫ్ టెస్ట్ చీటీ పట్టుకుని షాపుకి వెళ్తే, "ఎస్టిమేట్ మీద రిటర్న్ లేదండి, ఆ పేరు మీరే పెట్టుకున్నారేమోనండి" అన్నారు. మాకు మెడికల్ షాపు ఎక్కడిది? 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వ్యాపారానికి కొన్నారు కదా, వినియోగదారు కిందకి రారని కొందరు భయపెడతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం స్వయం ఉపాధితో బతుకుతూ, ఆ జీవనోపాధి కోసమే కొనుక్కున్నవాళ్లు వినియోగదారుల కిందకే వస్తారు. 5 లక్షల లోపు సరుకైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. హెల్ప్‌లైన్‌లో తేలకపోతే అక్కడికే వెళ్తాం.

మన జిల్లాలో మెడికల్ షాపు నడిపేవాళ్లెవరైనా ఈ ఏడాది ఎండాకాలంలోనో, అంతకు ముందో, ఇలాంటి 58 మిల్లీమీటర్ల చేతి ప్రింటర్ కొని సగంలో ఆగిపోతోందని వెనక్కి ఇచ్చారా? ఇచ్చివుంటే ప్రింటర్‌కి మీరు పెట్టిన పేరేమిటో నాకు విడిగా మెసేజ్ చేయండి, అందరిముందూ రాయొద్దు. మా చీటీ మీదున్న పేరుతో సరిపోతే, మీరు వెనక్కిచ్చిన తేదీ ఒక్కటి చెబితే చాలు.