బాల్సమిక్ వినెగర్‌తో డ్రింకులు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

సలాడ్ మీద చల్లుకోవడానికని అందరూ కొనే బాల్సమిక్ వినెగర్ (ద్రాక్షరసంతో చేసే ఇటలీ వినెగర్) మా ఇంట్లో మాత్రం ఎక్కువగా గ్లాసుల్లోకే వెళ్తుంది. కొన్నేళ్లుగా దీన్ని కాక్‌టెయిల్స్‌లోనూ వాడుతున్నాను, మందు లేని డ్రింకుల్లోనూ వాడుతున్నాను. దీని అసలు విలువ తెలిసేది మందు లేనివాటిలోనే అని నా గట్టి నమ్మకం.

నిమ్మరసం, పంచదార, సోడా కలిపితే పుల్లగా తియ్యగా బాగానే ఉంటుంది కానీ, గుక్క మింగగానే రుచి పోతుంది. మందు ఉన్న డ్రింకులో గొంతు దిగేటప్పుడు కాస్త ఘాటు ఉంటుంది, దిగాక కూడా రుచి నోట్లో నిలుస్తుంది. బాల్సమిక్ ఆ రెండూ ఇస్తుంది. ఇందులోని అసిటిక్ ఆమ్లం తేలిగ్గా ఆవిరవుతుంది కాబట్టి గ్లాసు నోటి దగ్గరికి తేగానే ముక్కుకు తగులుతుంది. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లానికి ఆ గుణం లేదు. ఘాటు వెనకే ద్రాక్షరసం తీపి, కొంచెం చెక్క వాసన వస్తాయి. కారు నడపాల్సినవాళ్లు, అసలు మందు ముట్టనివాళ్లు పార్టీ అంతా కూల్‌డ్రింక్‌తో సరిపెట్టుకోనక్కర్లేదు. నేను దీన్ని వదలకుండా వాడటానికి ముఖ్య కారణం ఇదే.

ఏ సీసా కొనాలన్న దగ్గరే చాలామంది తికమకపడతారు. ఇటలీలోని మోడెనా, రెజియో ఎమీలియా దీని సొంత ఊళ్లు. అక్కడి 'ట్రెడిజియోనాలె' (సంప్రదాయ) రకాన్ని ఉడికించిన ద్రాక్షరసంతో మాత్రమే చేసి, చెక్క పీపాల్లో కనీసం 12 ఏళ్లు మాగబెడతారు. 'ఎక్స్‌ట్రావెకియో' అయితే 25 ఏళ్లు. మోడెనాది ఇటలీ కార్ల డిజైనర్ జుజారో డిజైన్ చేసిన 100 మిల్లీలీటర్ల గుండ్రటి సీసాలో వస్తుంది, ధర చాలా ఎక్కువ. దాన్ని సోడాలో కలపడం నాకైతే మనసొప్పదు. డ్రింకులకు కావాల్సింది 'ఐజీపీ' ముద్ర (ఆ ప్రాంతపు సరుకేనని చెప్పే గుర్తు) ఉన్న మోడెనా బాల్సమిక్. ఇందులో ద్రాక్షరసంతో పాటు వైన్ వినెగర్ కూడా ఉంటుంది, కనీసం 60 రోజులు మాగుతుంది. లేబుల్ వెనక పదార్థాల పట్టికలో 'గ్రేప్ మస్ట్' (ద్రాక్షరసం) ముందుండి, 'వైన్ వినెగర్' తర్వాత ఉన్న సీసా తీసుకోండి. బరువులో ఎక్కువున్నదే ముందు రాస్తారు కాబట్టి అది తియ్యగా, చిక్కగా ఉంటుంది. వినెగర్ ముందున్నవి డ్రింకులో గొంతు పట్టేస్తాయి. 'గ్లేజ్' అని అమ్మేవి అసలు వద్దు. వాటిని చిక్కబరచడానికి చాలావరకు పిండిపదార్థం కలుపుతారు, సోడాలో అది మడ్డిలా మిగులుతుంది.

నేను ఎక్కువగా చేసేది స్ట్రాబెరీ ష్రబ్, అంటే పండు, పంచదార, వినెగర్ కలిపిన పాకం. పావుకిలో పండ్లు తరిగి, 200 గ్రాముల పంచదార కలిపి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచుతాను. ఊరిన పాకం వడగట్టి అందులో 60 మిల్లీలీటర్ల బాల్సమిక్, అంతే కొలతలో యాపిల్ సైడర్ వినెగర్ పోస్తాను. మొత్తం బాల్సమిక్కే పోస్తే పండు రుచి కిందపడిపోతుంది. నాలుగు మిరియాలు దంచి వేస్తే ఘాటు ఇంకా బాగా నిలుస్తుంది. రెండు రోజులు ఆగితే వినెగర్ పొగరు తగ్గి రుచులన్నీ కలిసిపోతాయి. ఐసు మీద 30 మిల్లీలీటర్లు పోసి, సోడా నెమ్మదిగా వంచి, అడుగు దాకా కలపాలి. బాల్సమిక్ బరువుకి కిందికి దిగిపోతుంది. నేరేడు పండ్ల కాలంలో స్ట్రాబెరీ బదులు నేరేడు గుజ్జు వేసి చూడండి. ఆ వగరు దీనికి అతికినట్టు సరిపోతుంది, నాకు స్ట్రాబెరీ కంటే అదే ఇష్టం.

2022లో టిక్‌టాక్‌లో సోడాలో బాల్సమిక్ కలిపి 'హెల్దీ కోక్' అని తెగ తిప్పారు. కోక్ రుచి ఆశిస్తే నిరాశే. దాన్ని దానిగా తాగితే మాత్రం ఎండాకాలం మధ్యాహ్నం హాయిగా ఉంటుంది.

కాక్‌టెయిల్స్‌లో బర్బన్ (మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ), డార్క్ రమ్ దీనికి మంచి జోడీ. 60 మిల్లీలీటర్ల బర్బన్‌కి ఒక టీస్పూను బాల్సమిక్, ఒక టీస్పూను తేనె, పైన నారింజ తొక్క. రెండో టీస్పూను వేస్తే బర్బన్ కనబడదు. జిన్‌తో అయితే స్ట్రాబెరీ, తులసి జాతిదే అయిన బేసిల్ ఉంటేనే కుదురుతుంది. వోడ్కాలో నాకు వినెగర్ తప్ప ఇంకేమీ తెలియలేదు. పాలు, క్రీమ్ ఉన్న డ్రింకులో వేస్తే విరిగిపోతాయి.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. మన ఇళ్లలో రాగి గ్లాసులు ఉంటాయి, వాటిలో ఇది పోయకండి, పులుపుకి రాగి కరుగుతుంది. గాజు, స్టీలు ఫర్వాలేదు. ఎసిడిటీ ఉన్నవాళ్లు పరగడుపున తాగొద్దు. షుగర్ ఉన్నవాళ్లు దీన్ని మామూలు వినెగర్ అనుకోవద్దు, ద్రాక్షరసం చక్కెర ఇందులో బాగానే ఉంటుంది. వైన్ వినెగర్‌లో ఆల్కహాల్ ఆనవాలు కొద్దిగా మిగిలి ఉండొచ్చు. టీస్పూనులో అది లెక్కలోకి రాదు, అయినా నియమంగా మందుకు దూరంగా ఉండేవాళ్లకు ఇచ్చే ముందు ఆ మాట చెప్పే ఇస్తాను.

సీసా మూత గట్టిగా పెట్టి అల్మరాలో ఉంచితే చాలు. ష్రబ్ మాత్రం ఫ్రిజ్‌లోనే ఉండాలి.