సిగరెట్ పెట్టెలోంచి మ్యూజియం దాకా

చిన్నప్పుడు బబుల్ గమ్‌తో వచ్చే క్రికెట్ కార్డులు దాచుకున్నవాళ్లెవరైనా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైట్‌లో బర్డిక్ కలెక్షన్ అనే పాత కార్డుల సేకరణ చూసి తీరాలి. పైసా ఖర్చు లేదు.

నేను ముందు వెతికింది అలనాటి అమెరికా బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు. 1909-11 మధ్య సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చినవాటిలో ఒకటి, 2022లో ఇలాంటిదే ఇంకో కాపీ 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది! జూమ్ చేస్తే వెనకాల నారింజ రంగు, మధ్యపాపిడి తీసిన వాగ్నర్, చొక్కా మీద పిట్స్‌బర్గ్ అనే పేరు, అదీ చివర హెచ్ అక్షరం లేకుండా, అప్పట్లో ఆ ఊరి పేరు అలాగే రాసేవాళ్లు మరి.

జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన కీళ్లనొప్పులతో బాధపడుతూనే ఏళ్ల తరబడి వీటిని ఆల్బమ్‌లలో అతికించి, 1963 జనవరిలో పని ముగించి, రెండు నెలలకే కన్నుమూశాడు. అది చదివాక ఒక్కో కార్డునీ ఇంకా నెమ్మదిగా చూశాను. మొత్తం 3 లక్షలకు పైగా కాగితాలు, వాటిలో దాదాపు 30 వేలు బేస్‌బాల్ కార్డులే.

ఈ కాలపు మెరుపుల కార్డులు, ఆటగాళ్ల సంతకాలున్నవి కావాలంటే మాత్రం వేరేచోట చూసుకోవాలి. పాతవాటికైతే నా ఓటు దీనికే, కాకపోతే ఫోన్‌లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద చూడండి.