జాగ్రత్త: తేదీ మార్చిన రెసిన్ డబ్బాతో పడవకు అతుకు వేసి నష్టపోయాను

కాకినాడ, ఉప్పాడ వైపు ఫైబరు పడవలున్న వారందరికీ ఈ సంగతి ఈ రోజే తెలియాలని రాస్తున్నాను. మనమందరం రెసిన్ (పడవకు పూసే చిక్కటి జిగురు), మ్యాట్ (దానితో తడిపి పొరలుగా అతికించే గాజుపీచు గుడ్డ) కొనే ఆ దుకాణం గురించే చెబుతున్నాను. పేరు రాయకపోయినా మీకు తెలుస్తుంది.

ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం జూన్ 14తో ముగిసేలోగా, పడవ అడుగున పడిన అడుగున్నర పగులును ఇంటి దగ్గరే పూడ్చుకుందామని రూ.2,400 సరుకు తెచ్చాను. పగులును గ్రైండరుతో వెడల్పు చేసి, రెండు రోజులు ఎండనిచ్చి, అసిటోనుతో తుడిచి, కిలో రెసిన్‌కు, దాన్ని గట్టిపరిచే హార్డెనరు 15 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, మ్యాట్‌తో మూడు పొరలు వేశాను. గాలి తగిలే పైపొర కొంచెం జిగటగా మిగలడం మామూలే గానీ, మూడో రోజున కత్తి మొన పెడితే లోపలి మ్యాట్ కూడా తడిగుడ్డలా లేచి వచ్చింది.

అప్పుడు డబ్బాను పరీక్షగా చూస్తే, తయారీ తేదీ స్టిక్కరు కింద రేకు మీద సిరాతో అచ్చైన మరో తేదీ కనిపించింది. అది పద్నాలుగు నెలల కిందటిది. ఈ రకం రెసిన్‌ను చల్లగా, నీడన దాచినా ఆరు నెలలు దాటితే నమ్మలేము.

డబ్బా పట్టుకుని దుకాణానికి వెళ్లాను. దుకాణం యజమాని "ఇలా ఇవ్వండి, చూస్తాను" అని మర్యాదగానే అందుకుని, నేను చూస్తుండగానే థిన్నరులో తడిపిన గుడ్డతో ఆ అచ్చును తుడిచేసి, డబ్బాను నా వైపు తిప్పి, "తేదీ ఎక్కడుందయ్యా? కలపడం చేతకాక సరుకు మీద నెపం వేస్తున్నావు" అని నలుగురి ముందు అన్నాడు. మా నాన్నగారి కాలం నుంచి అక్కడే కొంటున్నాము. అంతవరకు "మీరు" అన్న మనిషి, సాక్ష్యం చెరిగిపోగానే "నువ్వు" అన్నాడు. డబ్బు పోయినందుకన్నా ఆ క్షణానికే నాకు కడుపు రగిలిపోతోంది.

ఇంటి దగ్గరే ఆ తేదీని ఫోటో తీసుకోకపోవడం నా తప్పే. కొన్నప్పుడు ఆయన "మనలో మనకు బిల్లెందుకు" అంటే తలూపి రావడం అంతకన్నా పెద్ద తప్పు. ఇప్పుడు ఆ జిగటంతా గీకి, మళ్లీ గ్రైండరు పట్టి, మొదటి నుంచి చేయాలి. నాతో వేటకు వచ్చే నలుగురూ అంతవరకు ఒడ్డునే ఉండాలి.

కొనేవారు స్టిక్కరు కింద గోటితో తడిమి చూడండి, బిల్లు అడగండి. పడవకు పూసే ముందు చిన్న కప్పులో కొంచెం కలిపి, గట్టిపడుతుందో లేదో చూడండి. గట్టిపడలేదు కదా అని రెసిన్ త్వరగా గట్టిపడేందుకు వాడే కోబాల్టు ద్రవాన్ని మాత్రం హార్డెనరులో నేరుగా పోయకండి. ఆ రెండూ కలిస్తే భగ్గుమని అంటుకుంటాయి.