గాలె కోటలో అయిదు రాత్రులు: ఒక ఇంటి ఆతిథ్యం

శ్రీలంక దక్షిణ తీరంలోని గాలె నగరానికి ఈ ఫిబ్రవరిలో అమ్మానాన్నలను తీసుకుని వెళ్లినప్పుడు, హోటల్ వద్దనుకుని, కోట లోపల లైట్‌హౌస్‌కు దగ్గరగా ఉన్న ఒక ముస్లిం కుటుంబం ఇంట్లో రెండు గదులు తీసుకుని అయిదు రాత్రులు ఉన్నాము. పెద్దవాళ్లతో, అందులోనూ శాకాహారులతో, అలా పరాయి ఇంట్లో ఉండడం కుదురుతుందా అని చెన్నైలో మా పేట తెలుగువాళ్లు అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. కుదురుతుంది, మాకు ఆ ఊరికంటే ఆ ఇల్లే ఎక్కువగా గుర్తుండిపోయింది.

కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి గాలెకు వెళ్లే రైలు చాలా దూరం సముద్రపు ఒడ్డునే నడుస్తుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవాలి.

భోజనం సంగతి ముందుగా చెప్పాలి. అక్కడ కొబ్బరితో చేసే పోల్ సంబోల్‌లోనూ, చూడడానికి ఉత్త కాయగూరల కూరలా కనిపించేవాటిలోనూ ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేయడం మామూలు. మనం పోపు వేసినంత సహజంగా వాళ్లు అది వేస్తారు కాబట్టి, అడగనిదే ఎవరూ చెప్పరు. మేము అది వద్దని చెప్పిన మరుక్షణం ఆ ఇంటి పెద్దావిడ అమ్మను "తంగచ్చీ" (చెల్లీ) అని పిలిచి వంటింట్లోకి తీసుకువెళ్లి, నూరే రాయిని ఆమె కళ్లెదుటే రెండుసార్లు వేడినీళ్లతో కడిగారు. ఎండుమిర్చి, చిన్న ఉల్లిపాయలు, ఉప్పు నూరి, అప్పుడే కోరిన కొబ్బరిని అందులో వేసి, తెలుపంతా ఎర్రబడేదాకా వేళ్లతో నలుపుతూ కలిపి, చివర నిమ్మకాయ పిండారు. ఆవిరి మీద ఉడికిన ఇడియాప్పంతో ఆ సంబోల్ తిన్న అమ్మ, మరునాటి నుంచి తానే కొబ్బరి కోరే పీట ముందు కూర్చుంది. రాత్రి భోజనం చివర గేదె పెరుగు మీద కితుల్ పాకం పోసి ఇచ్చేవారు; కితుల్ అంటే మన మన్యంలో కల్లు గీసే జీలుగు చెట్టే.

వాళ్ల తమిళం చెన్నై తమిళం కాదు. మాట్లాడడాన్ని "కదైక్కిరదు" అంటారు. అది "కథ"లా వినిపించి మొదటిరోజు కాస్త తికమకపడ్డాము, రెండో రోజుకు చెవి అలవాటుపడింది.

సాయంత్రాలు ఇంటాయన మమ్మల్ని కోటగోడ మీదికి నడిపించేవారు. పోర్చుగీసువారు మొదలుపెట్టిన ఆ కోటను డచ్చివారు 1640లో గెలుచుకుని పెంచి కట్టారు. 1988లో అది యునెస్కో వారసత్వ స్థలమైంది. అయితే ఆయన చూపించింది ఈ చరిత్ర కాదు. గోడకు అవతల, కింద ఉన్న బస్టాండును, క్రికెట్ మైదానాన్ని వేలితో చూపించి, 2004 డిసెంబరు 26, పౌర్ణమి ఆదివారం నాడు సునామీ నీళ్లు ఎక్కడెక్కడికి వచ్చాయో, ఈ గోడలు లోపలి వీధులను ఎంతవరకు కాచాయో చెప్పారు. ఆ పొద్దున చెన్నై మెరీనాలో నడక ముగించుకుని నాన్నగారు ఇల్లు చేరిన అరగంటకే అక్కడ సముద్రం ఒడ్డు దాటింది. ఇరవై ఏళ్లుగా ఇంట్లో కూడా పెద్దగా మాట్లాడని ఆ సంగతిని నాన్నగారు ఆ గోడమీద కూర్చుని, పరిచయమై రెండు రోజులైనా కాని మనిషికి మొత్తం చెప్పారు. చీకటిపడి లైట్‌హౌస్ వెలిగేదాకా ఇద్దరూ లేవలేదు.

లోపాలు లేకపోలేదు. గది బుక్ చేసిన యాప్‌లో కిటికీలోంచి సముద్రం కనిపించే ఫోటో పెట్టారు; నిజానికి ఆ కిటికీ లోపలి వాకిట్లోకి తెరుచుకుంటుంది. ఇది యాప్‌వాళ్ల తప్పిదమే అయినా, సముద్రం కోసమే వెళ్లేవాళ్లకు నిరాశ తప్పదు. మేడమెట్లు చెక్కవి, బాగా నిటారుగా ఉన్నాయి. నాన్నగారి మోకాళ్లు చూసి, అడగకుండానే ఆ రాత్రే వాళ్లు కింద తాము పడుకునే గది ఖాళీ చేసి ఇచ్చారు. వేడినీళ్లు ఒక్క స్నానాలగదిలోనే వస్తాయి. మసీదు దగ్గరే కాబట్టి తెల్లవారకముందే అజాన్‌కు మెలకువ వస్తుంది. రాత్రి పదికి వీధితలుపు వేసేస్తారు, ఆ వేళకు మనం సర్దుకోవలసిందే.

పొద్దుటి టిఫినుతో కలిపి రెండు గదులకు రోజుకు మన డబ్బులో సుమారు 6,500 రూపాయలు అయింది. రాత్రి భోజనానికి విడిగా తీసుకుంటారు, అది కావాలంటే పొద్దున్నే చెప్పాలి. శాకాహారమైతే ఉంబలకడ వద్దని పేరుపెట్టి చెప్పండి, "చేప తినము" అంటే సరిపోదు. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లు ఉంటే ఆ సంగతి గది తీసుకునేటప్పుడే తెలియజేయండి, లేకపోతే మా విషయంలో జరిగినట్టు ఆ ఇంటివాళ్లు తమ పడక వదులుకుంటారు.