వైజాగ్ లాడ్జీలో అవమానం, కూడికలో ఆనందం

మా తమ్ముడికీ మరదలికీ పుట్టుకతోనే వినపడదు, మాటా లేదు. వైజాగ్‌లో బధిరుల క్రైస్తవ కూడిక ఉందని వాళ్ళ వాట్సాప్ గ్రూపులో సైగల వీడియో వస్తే రాజమండ్రి నుంచి ముగ్గురం బయల్దేరాం. రైల్లో స్లీపర్, సెకండ్ క్లాసుల్లో ఇలాంటివాళ్ళకి సగం చార్జీయే, తోడు వెళ్ళే ఒకరికీ అంతే. రైల్వే ఇచ్చే దివ్యాంగుల కార్డు ముందే తీసుకోండి.

స్టేషన్ దగ్గర లాడ్జీలో రూము 1,400 చొప్పున రెండు బుక్ చేశాను. తమ్ముడు ముందు వెళ్ళి, ఫోన్‌లో తెలుగులో టైపు చేసి చూపిస్తే కౌంటర్ మనిషి చదవనైనా లేదు, ఫోన్ పక్కకి తోసేశాడు. నేను వెళ్ళాక నాతో అంటాడూ, "మాట రానోళ్ళకి విడిగా రూము ఇవ్వం సార్, రాత్రి ఏదన్నా అయితే పూచీ ఎవరిది? ముగ్గురూ ఒక్క రూములో సర్దుకోండి, ఎక్స్‌ట్రా బెడ్ 500." సొంతంగా టైలరింగ్ షాపు నడుపుకుంటున్న మనిషి మా తమ్ముడు! వివక్ష కూడదని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉందయ్యా అంటే, "ఓనర్‌తో చెప్పుకోండి" అన్నాడు. అడ్వాన్స్ 700 తిరిగివ్వలేదు. అక్కడి మాటలేవీ వినపడకపోయినా మరదలికి అంతా అర్థమైంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ద్వారకానగర్‌లో ఇంకో లాడ్జీ దొరికింది, రూము 1,600. అక్కడి కుర్రాడు నా వైపు చూడకుండా కాగితం మీద "వేడినీళ్ళు 6 నుంచి 9" అని రాసి నేరుగా తమ్ముడికే ఇచ్చాడు. ఆ 200 తేడా నాకు బరువనిపించలేదు.

ఇక కూడిక. మా ఊరి చర్చిలో వీళ్ళిద్దరూ ఎప్పుడూ వెనక బల్ల మీద, పాట అయ్యేదాకా పక్కవాళ్ళ పెదాలు చూస్తూ కూర్చుంటారు. ఇక్కడ వాక్యం చెప్పిన, అంటే ప్రసంగం చేసిన ఆయనే బధిరుడు! నాలాంటివాళ్ళ కోసం ఒకమ్మాయి ఆయన సైగల్ని తెలుగులో చెప్పింది. చెక్క వేదిక మీద పెద్ద డోలు కొడుతుంటే ముందు వరుసవాళ్ళు చెప్పులు విడిచి, పాదాలు వేదిక అంచుకి ఆనించి ఆ అదురుతో తాళం పట్టుకుంటున్నారు. చప్పట్ల బదులు చేతులన్నీ పైకి లేచి వేళ్ళు ఆడాయి. మరదలి నవ్వు అప్పుడు చూశాను.

ఆయన ఆండ్రూ ఫోస్టర్ గురించి చెప్పారు. పదకొండేళ్ళకి వినికిడి పోయిన నల్లజాతి అమెరికన్. 1957లో ఘనాలో బధిరులకి బడి పెట్టి, 1987లో విమాన ప్రమాదంలో పోయేలోపు ఆఫ్రికాలో 30కి పైగా బడులు, వాటితోపాటు క్రైస్తవ సంఘాలు నిలబెట్టాడు. వినపడేవాళ్ళు జాలిపడి చేసింది కాదది, బధిరుడే దేశం దాటి బధిరుల దగ్గరికి వెళ్ళాడు. మిషన్ అంటే నా లెక్కలో ఇదీ, ఎవరి దగ్గరికి వాళ్ళ భాషలోనే వెళ్ళడం. 1805లో ఇదే విశాఖలో దిగిన లండన్ మిషనరీలు ముందు తెలుగు నేర్చుకుని సువార్తలు అనువదించడం మొదలుపెట్టారు. అమెరికన్ సైగల భాషలో బైబిల్ మొత్తం 2020కి పూర్తయింది. మన సైగల్లో మొత్తం ఎప్పుడని తమ్ముడు అడిగితే, ఆ పనికి మీలాంటివాళ్ళే కావాలన్నారు వాక్యం చెప్పినాయన.

కొండమీది చర్చి ఉన్న రాస్ హిల్, బీచ్ మామూలే. కూడికకి వెళ్తే ముందు వరుసలో, వేదిక మీద లైటు పడే చోటుకి ఎదురుగా కూర్చోండి. భోజనం ఉచితం, పులిహోర బాగుంది.

వచ్చే కూడికకి వాళ్ళిద్దరే వెళ్తారట. ద్వారకానగర్ కుర్రాడికి తమ్ముడే వాట్సాప్‌లో రాసి రూము ఖాయం చేసుకున్నాడు, 1,600కే.