రాజ్‌విహార్ దగ్గర డీటీపీ షాపు: తెలుగు పేజీలుంటే ఇక్కడికే పోండి

సెప్టెంబరు 14కి మా డిగ్రీ కాలేజీ పిల్లలం కలిసి పదహారు పేజీల చిన్న పత్రిక తెచ్చాం. ఆ రోజు గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టినరోజు. 1883లో మన కర్నూలులోనే పుట్టారు. గ్రంథాలయోద్యమం, మద్రాసు శాసనమండలి సంగతులు అందరూ రాసేవే కాబట్టి వాటిని ఒక్క పేరాలో ముగించి, ఆయన కుర్రతనం మీదే పత్రికంతా నడిపాం. రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో చదువుతూ వందేమాతరం ఉద్యమంలోకి దిగినందుకు 1907లో ఆయన్ని కాలేజీ నుంచి తీసేశారు. మరుసటి ఏడాదికల్లా బెజవాడలో ‘స్వరాజ్య’ వారపత్రిక నడుపుతున్నారు. తిరునల్వేలిలో జనం మీద పోలీసులు జరిపిన కాల్పుల గురించి అందులో వచ్చిన వ్యాసానికి రాజద్రోహం కేసు, మూడేళ్ల జైలు. ఆ వ్యాసం అచ్చయ్యేనాటికి ఆయనకి పాతికేళ్లు నిండలేదు.

మొదట వేరే సెంటర్‌లో ఇచ్చాం. ఫోన్‌లో టైప్ చేసిన మ్యాటర్‌ని ‘అను’ అనే డీటీపీ తెలుగు ఫాంట్‌లోకి మార్చి, చదవకుండానే ప్రూఫ్ తీసిచ్చారు. ‘సర్వోత్తమ’లో ఒత్తు లేదు, ‘రాజద్రోహం’ కాస్తా ‘రాజదోహం’ అయింది. అడిగితే, “కన్వర్షన్‌లో అంతే మేడమ్” అన్నారు.

రాజ్‌విహార్ దగ్గర సందులో, మేడ మీదున్న ఈ షాపు అన్న అలా కాదు. స్క్రీన్ మీద లైను లైనూ చదువుతూ ఒత్తులు సరిచేశాడు. కేసు దగ్గరికొచ్చి ఆగి, “ఏమ్మా, అచ్చేసినోళ్లని కూడా పట్టుకుంటాండ్రా అప్పట్లో?” అన్నాడు. అప్పట్లో 1867 చట్టం ప్రకారం పత్రిక మీద ముద్రించినవాళ్ల పేరు, ప్రెస్సున్న ఊరు వేయాల్సిందే, కాబట్టి వాళ్లకీ టెన్షనే అని చెప్పాను. “అట్లయితే మా షాపు పేరు చిన్నక్షరాల్లో ఏస్తాలే” అని నవ్వాడు. నిజంగానే చిన్నగానే వేశాడు, భూతద్దం కావాలి!

నెట్‌లో దొరికిన గాడిచర్ల ఫోటో ఇస్తే, రైసో కాపీ మిషన్‌లో మొహమంతా నల్లగా వస్తుందని ముందే చెప్పాడు. మా క్లాస్‌మేట్ పెన్నుతో బొమ్మ గీసిచ్చింది. అట్ట మీద గీతలు చక్కగా తేలాయి. కంపోజింగ్ పేజీకి 50 రూపాయలు. రెండో ప్రూఫ్‌కి డబ్బులు అడగలేదు.

టైమ్ మాత్రం నమ్మొద్దు. సాయంత్రం ఇస్తానన్నది మర్నాడు మధ్యాహ్నం చేతికొచ్చింది. షాపు నిండా వినాయక చవితి చందా పుస్తకాలు, మండపాల ఫ్లెక్సీలు, కూర్చోడానికి చోటు లేదు. పిన్నులు మేమే కొట్టుకున్నాం. బిల్లు అడిగితే విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చాడు, అది కాలేజీ ఆఫీసులో చెల్లలేదు.

తొందర పని కాకపోతే ఈ షాపుకే ఇవ్వండి. నిమజ్జనం అయ్యాక పోతే ఇంకా నయం. పక్కా బిల్లు కావాలని మాత్రం అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే చెప్పండి.